వంకర పటాల అత్తమ్మ

పోయిన వారం మా వికారాబాదు కాలనీ వాట్సాప్ గ్రూపుల ఒక ఫొటో వచ్చింది. ఎవలింటి ముందటి కెమెరాలనో పడ్డ బొమ్మ. ఒకామె గేటు కాడ పూలకుండీ సంకల వెట్టుకొని నిలవడ్డది, మొకం సగమే కనవడుతున్నది. కింద "దొంగ దొరికింది" అని రాసిన్రు. ఇగ సూడున్రి. ఒకరు పోలీసులకు చెప్పాలంటరు, ఒకరు పనోళ్లను పెట్టుకునే ముందట ఆధార్ కార్డు అడగాలంటరు, ఒకాయనైతే ఆ కుండీల ఉన్నది గులాబీ కాదు మందారమని తీర్పు చెప్పిండు. నాకు తెల్వకుండనే నా ఏలు టైపు కొట్టింది: "పటం జూసి చెప్పకున్రి." తర్వాత ఎవరో అడిగిన్రు, "మేడం, ఇది ఫొటో గద, పటమంటరేంది?" అని. ఏం చెప్పాలె వాళ్లకు? ఆ కుండీ ఎవలదో, ఆమె ఎవలో ఇప్పటిదాక తేలలే. నేను మాత్రం ఫోను పక్కకు వెట్టి, చాయ్ చల్లారిపోయేదాక మా అత్తమ్మను యాది చేసుకుంట కూసున్న. ఆ మాట ఆమెది. నా నోట్లెకు ఎప్పుడొచ్చి చేరిందో నాకే తెల్వదు.

మా అత్తమ్మ తాండూరుల ఆడపిల్లల బడిల లెక్కలు చెప్పేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. బడి గోడ అవుతల మిర్చీలు అమ్మెటాయనకు గూడ త్రిభుజ సిద్ధాంతాలు సగం వచ్చునని ఊర్లె నవ్వుకునేటోళ్లు. నిజాం కాలంల ఆమె నాయన కచేరీల గుమాస్తా. బిడ్డను ఉర్దూ బడికి తోలిండు. అందుకని ఆమెకు లెక్కలన్ని ఉర్దూలనే ఒంటవట్టినయి. రోజులు మారి తెలుగుల చెప్పవలసి వచ్చినంక, బడిల పిల్లలకు దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అని పద్ధతిగనే నేర్పేది. ఇంటికొచ్చి చెప్పులిడిసిందంటె మల్ల ఉర్దూనే. ముందుగాల మనకు తెలిసిన సంగతి 'మాలూం'. తేల్చవలసిన సంగతి 'మత్లూబ్'. రుజువు 'సుబూత్'. ఈ మూడు మాటల మీదనే మా ఇల్లు నడిచింది. పాలాయన వచ్చి, "నీళ్లు కలపలే అమ్మా, దేవుని మీద ఒట్టు" అంటె, "ఒట్టు సుబూత్ కాదు నాయనా, మూత తియ్యి" అనేది. పక్కింటామె వచ్చి ఫలానోళ్ల కోడలు స్టేషన్ల ఎవనితోనో మాట్లాడుకుంట కనవడ్డదని గుసగుస పెడితె, "పటం జూసి చెప్పకు" అని ఒక్క మాటతోని ఆమె నోరు కట్టేసేది. లెక్కల్ల గీసే బొమ్మను గూడ పటమంటరని ఆమెకేం తెలుసు, పటమంటె దేవుని పటమే. బిత్తరపోయి గోడ దిక్కు చూసేది.

ఈ తీరు ఆలోచన ఎక్కడిదంటె, "గ్రీకు పెద్దమనుషులది" అని చెప్పేది అత్తమ్మ. వాళ్ల గురించి ఆమె మాట్లాడితె, మా దిక్కు రైలుల వాడి జంక్షన్ దాటినంక రెండు మూడు స్టేషన్ల అవుతల ఉన్న వియ్యంపు వారనుకోవాలె. మంచోళ్లే గని పట్టింపు ఎక్వ, దేన్నీ ఊకెనే ఒప్పుకోరు, గట్లుంటుండె ఆ మాటతీరు. వాళ్ల విద్యను అరబ్బులు తీసుకున్నరట, అరబ్బుల మాటలు ఉర్దూలకొచ్చినయట, ఉర్దూల నుంచి తాండూరుకు వచ్చిందట. "గంత దూరం నుంచి నడుచుకుంట వచ్చినదాన్ని గడప కాడ నిలవెడితె పాపం గాదా?" అనేది. పెండ్లయిన కొత్తల నాకు ఆ గ్రీకులు నిజంగనే చుట్టాలేమో, పెండ్లికి రాలేదేమో అని ఒక అనుమానం ఉండె. నవ్వకున్రి. పుట్టింట్ల గోత్రం తప్ప ఇంకేం అడగని పిల్లకు అంతకంటె ఏం తెలుస్తది?

మాది కుల్కచర్ల దిక్కు పల్లె. కంది, జొన్న పండించుకునే ఇల్లు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు మా నాయన, "పిల్ల పదో తరగతి చదివింది" అన్నడు. అబద్ధం కాదు. చదివిన. లెక్కల్ల తప్పిన. మల్ల రాసిన, మల్ల తప్పిన. మిగతా వాటిల్ల మంచిగనే వచ్చేటియి గని, ఆ సిద్ధాంతాల కాడికి వచ్చేసరికి బట్టీ కొట్టిందంత కలగాపులగమయ్యేది. నాకు చిన్నప్పటి సంది ఒక్కటే ఆశ: పంతులమ్మను కావాలె. చేతిల చాక్‌పీసు, ముందట పిల్లలు, గంతే. లెక్కలు తప్పిన దినాన ఆ తలుపు మూసుకపోయిందనుకున్న. పెండ్లిల నేను ఏడ్చినదాంట్ల సగం దానికే. చుట్టాలు మాత్రం పుట్టింటి మీద ఎంత ప్రేమో, ఎంత పావురమో అని మెచ్చుకున్నరు.

ఇగ నా నసీబు చూడున్రి. తప్పింది లెక్కల్ల, వచ్చి పడ్డది లెక్కల పంతులమ్మ ఇంట్ల. ఆ ఏడాదే ఆమె రిటైరయింది. మామ నేను రాకముందే పోయిండు. మా ఆయన బండల లారీ తోలెటోడు. తాండూరు బండలు ఎత్తుకొని ఇటు హైదరాబాదు, అటు షోలాపురం పోతె వారం దినాలకు గాని ఇంటి మొకం చూడడు. ఇంట్ల మేమిద్దరమే ఆడోళ్లం. వచ్చిన కొత్తల ఒకనాడు అత్తమ్మ, "నీ పదో తరగతి మెమో తెప్పియ్యి బిడ్డా, ఇంటర్ల ఏద్దాం. చిన్న వయసుల ఇంట్ల కూసొని ఏం జేస్తవ్?" అన్నది. చేతిల ఉన్న చాట కింద వెట్టి ఏడుపందుకున్న. ఏడ్చుకుంటనే అంత చెప్పిన. ఇగ మా నాయనను పిలిపిస్తది, మోసం జేసిన్రని పంచాయతి పెడతది అనుకున్న.

ఆమె కండ్లు మూసుకొని కూసున్నది. "ఆగు, ఏడువకు. మీ నాయన ఏమన్నడో యాది చేసుకోనీ" అన్నది. పెదవులు కదిలినయి. "'చదివింది' అన్నడు. 'పాసయింది' అనలే. అనలే గద?" అని నన్నే అడిగింది. అనలేదని తల ఊపిన. "మరి పాసయిందని నాకెవలు చెప్పిన్రు? ఎవలు చెప్పలే. నేనే కలుపుకున్న. మాలూంల లేనిదాన్ని నేనే మాలూంల రాసుకున్న. ఇదే తప్పుకు బడిల పిల్లల చేతుల మీద కొట్టిన గదనే ఇన్నేండ్లు!" అని తన నెత్తి తనే కొట్టుకున్నది. నా మీద గాని, మా నాయన మీద గాని ఒక్క మాట లేదు. ఏ ఇంట్లనైనా కోడలు ఫెయిలని తెలిస్తె అత్త తనను తను తిట్టుకునుడు మీరు చూసిన్రా? నేను చూసిన. ఆ మాపటికి మా నాయనకు కార్డు రాసింది. "మీరు చెప్పింది నిజమే, నేనే ఎక్వ అర్థం జేసుకున్న" అని. ఆ కార్డు జదివించుకొని మా నాయన పరేషానయ్యి, ఏమైందోనని మర్నాడే బస్సెక్కి తాండూరుకు ఉరికొచ్చిండు.

తెల్లారి నుంచి నాకు పాఠాలు మొదలైనయి. మా ఇంట్ల నేలంత నీలం బండలే, మా ఆయన తెచ్చినయి. పొద్దుగాల తడిబట్ట పెట్టి, ఆరినంక వాటి మీద చాక్‌పీసుతోని గీస్తె అచ్చం నల్లబల్లే. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పీట మీద కూసొని గీసేది. నేను ఎదురుంగ కింద కూసొని కూరగాయలు కోసుకుంట నేర్చుకునేదాన్ని. మొదటి దినం సమద్విబాహు త్రిభుజ సిద్ధాంతం చెప్పుమన్నది. రెండు భుజాలు సమానమైతె వాటికి ఎదురుంగ ఉన్న కోణాలు సమానమని. నేను కండ్లు మూసుకొని, నీళ్లు తాగినట్టు అప్పజెప్పిన. ABC అనే త్రిభుజంలో అని మొదలువెట్టి ఆఖరిదాక. "శబాష్. ఇప్పుడు ఈ మూలకు తాండూరు, ఆ మూలకు వికారాబాదు, పైదానికి కోట్‌పల్లి అని పేరు పెట్టి చెప్పు" అన్నది. తాండూరు అని మొదలువెట్టి మల్ల ABC కాడికే వచ్చిన. బడిల నేను నేర్చుకున్నది త్రిభుజాన్ని కాదు, మూడు ఇంగ్లీషు అక్షరాలను. పరీక్షల PQR వచ్చేసరికి ఎందుకు తప్పుతున్నదో ఆనాడు తెలిసొచ్చింది. ఆ ఎండకాలమంత ఆమె నాతోని కోట్‌పల్లి, కుల్కచర్ల, బొంరాస్‌పేట తిప్పింది. ఆ ఊర్లల్ల ఎన్ని త్రిభుజాలు నిలవెట్టినమో ఆ ఊరోళ్లకు తెల్వదు.

ఆమె గీసే పటాల సంగతి చెప్పాలె. అన్ని వంకరనే. చెయ్యి వణికి గాదు, కావాలనే. రెండు భుజాలు సమానమని నోటితోని చెప్పి, ఒకటి జానెడు, ఇంకొకటి మూరెడు గీసేది. "ఇదేంది అత్తమ్మా, సమానం లేవు గద" అంటె, "నేను సమానమని చెప్పిన. నా మాట మీద నడువు, నీ కండ్ల మీద గాదు" అనేది. పటం మంచిగ గీస్తె పిల్లలు దాన్ని జూసి జవాబు చెప్తరట, ఆలోచన చెయ్యరట. వంకర పటం మీద కండ్లు పని చెయ్యవు గనుక బుద్ధి లేచి కూసుంటదట. ఊర్లె మిగతా టీచర్లు ఈమెకు సాఫ్ గీత గీయనీకి రాదని అనుకునేటోళ్లు.

ఒకనాడు నాకు యాష్టకొచ్చింది. త్రిభుజంల మూడు కోణాలు కలిపితె నూట ఎనబై డిగ్రీలు, సరే, కోణమానిని పెట్టి కొలుస్తె అయిపాయె, దీనికి ఇంత రామాయణం ఎందుకని అడిగిన. "కొలువు" అన్నది. కొలిచిన. ఒకదానికి జర ఎక్వొచ్చింది, ఒకదానికి జర తక్వొచ్చింది. చాక్‌పీసు గీత లావుందని సాకు చెప్పిన. "గీత ఎప్పుడైన లావుగనే ఉంటది. కొలిస్తె ఈ ఒక్క పటం సంగతే, అదీ ఉజ్జాయింపుగ తెలుస్తది. సుబూత్ దొరికితె ఇంకా ఎవరూ గీయని పటాల సంగతి గూడ తెలుస్తది" అని, పై మూల మీదికెళ్లి కింది భుజానికి సమాంతరంగ ఒక గీత గీసింది. కింది కోణాలు రెండు లేచొచ్చి పై కోణానికి చెరో పక్క కూసున్నయి. మూడు కలిసి ఒక్క తిన్నటి గీత. నా చేతిల వంకాయ ఉండె, కోసుడు మరిచి దాన్నట్లనే పట్టుకొని కూసున్న. అన్నేండ్లు బట్టీ కొట్టినదాని లోపల ఇంత నిమ్మలమైన సంగతి ఉన్నదా అనిపించింది. మస్తు సంబురమైంది, దాంతోని ఏడుపు గూడ వచ్చింది. ఆమె చూడనట్టే చాక్‌పీసు చెయ్యి దులుపుకున్నది.

మనోళ్లకు ఇవన్ని తెల్వదా అని రోషంతోని అడిగితె, "ఎందుకు తెల్వదు? యజ్ఞానికి వేదికలు కట్టెటోళ్లు తాడు పట్టుకొని ఎంతో చక్కగ కొలిచిన్రు. ఈజిప్టుల నది పొంగి గట్లు కొట్టుకపోతె మల్ల పొలాలు కొలిచిన్రు. తెలుసుడు వేరు బిడ్డా. ఎదుటోడు 'నేను ఒప్పుకోను' అంటె వాన్ని ఎట్ల ఒప్పియ్యాలె అని గ్రీకోళ్లు కూసొని ఆలోచన చేసిన్రు" అన్నది. ముందుగాల ఇద్దరికీ ఒప్పందమైన మాటలు కొన్ని పెట్టుకోవాలె. అవి చిన్నగ, సాదాగ ఉండాలె. గా మాటల మీద నుంచే ఒక్కొక్క అడుగు ఏసుకుంట పోవాలె. ఏ అడుగు కాడనైన ఎదుటోడు "ఎందుకు?" అంటె జవాబుండాలె. రాజైనా, బంటైనా గంతే. ఇప్పటి లెక్కల శాస్త్రమంత ఆ ఒక్క "ఎందుకు" మీదనే నిలవడ్డదని చెప్పేది. ఆ పెట్టుకున్న మాటలల్ల అయిదోది, సమాంతర గీతల సంగతి, జర పెద్దగుండెనట. దాన్ని గూడ నిరూపిద్దామని రెండు వేల ఏండ్లు ఎంతోమంది తల్కాయలు పగులగొట్టుకున్నరట. కాలేదట. ఆఖరికి, అది ఒప్పుకోకపోయినా గూడ ఇంకో తీరు జ్యామితి మంచిగనే నడుస్తదని తేలిందట. ఈ కథ చెప్పినప్పుడల్ల ఆమె మొకంల ఒక వింత సంతోషం కనవడేది.

పరీక్ష రాసిన, పాసైన. ఎన్ని మార్కులని ఊరంత అడిగిన్రు, అత్తమ్మ అడగలే. "పటం ఎట్ల గీసినవ్?" అన్నది. వంకరగనే గీసిన అంటె, చాన సేపు నవ్వి, కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఇంటర్ తాండూరులనే అయింది, పగటీలికి ఇల్లు చేరేదాన్ని. ఆ నడిమిట్ల నా నోటికి గూడ "ఎందుకు" అలవాటయింది. అందరు తిన్నంక కోడలు తినాలని ఆ ఇంట్ల ఆనవాయితీ. ఒకనాడు, "దీనికి సుబూత్ ఏది అత్తమ్మా?" అన్న. ఆమె ముద్ద నోటి కాడనే ఆపి, జర ఆలోచించి, "లేదు. తల్లె తెచ్చుకొని బువ్వ పెట్టుకో" అన్నది. ఆ దినం నుంచి ఇద్దరం ఎదురెదురుంగ కూసొనే తిన్నం. మా ఆయన లారీ దిగొచ్చి ఈ తమాషా జూసి, "ఒక లెక్కల పంతులమ్మతోనే సస్తుంటి, ఇప్పుడు ఇద్దరైన్రా" అని తలవట్టుకున్నడు.

గంత న్యాయమున్న మనిషి నా దారికి అడ్డమొస్తదని నేను కలల గూడ అనుకోలే. టీచర్ ట్రైనింగుల సీటు వచ్చింది. వికారాబాదుల. సోమవారం పోయి చేరాలె, లేకుంటె సీటు పోతది. కాయిదం చేతిల పట్టుకొని ఇంటికి ఉరికొచ్చిన. అత్తమ్మ అద్దాలు పెట్టుకొని జదివి, మడిచి, నా చేతిల పెట్టి, "దినాం రైలుల పోయి వచ్చుడు అయ్యేది గాదు. ఇడిచిపెట్టు" అన్నది. నవ్వులాటకు అన్నదేమో అనుకున్న. కాదు. ఎందుకంటె, వంటెట్ల అన్నది. చీకటితోని లేచి వండి పోత అన్న. రైలు లేటయితదన్నది. లేటయితె ఏమాయె, అందరు పోతలేరా అన్న. లోకం ఏమంటదో అన్నది. "పటం జూసి చెప్పెటోళ్ల సంగతి మీరే గద నాకు చెప్పింది" అన్న. ఇట్ల ఒక్కొక్కటి తీసేసుకుంట పోతె, ఆమెకు కోపమొచ్చింది. "కోడలు ఇంట్ల ఉండాలె. గంతే. దీనికి సుబూత్ అక్కర లేదు, ఇది మొదలే ఒప్పుకోవలసిన మాట" అన్నది. నాకు గూడ తిక్క లేచింది. "ఆ అయిదో మాట అసొంటిదా అత్తమ్మా? దాన్ని ఒప్పుకోకపోయినా ఇంకో తీరు ఇల్లు నడుస్తది గద" అన్న. ఆమె లేచి లోపలికి పోయింది. మా ఆయనను అడుగుదామంటె, "మీ ఇద్దరి నడుమ నేను రాను, నాకు లోడున్నది" అని లారీ ఎక్కిండు. మొగోళ్లకు ఏ ఆపదలనైనా లోడు ఒకటి ఉంటనే ఉంటది.

ఆదివారం పొద్దుగాల బండలు తుడిచినంక, కోపమో, పంతమో, చాక్‌పీసు తీసుకొని నడింట్ల రాసిన. మాలూం: కోడలికి సీటు వచ్చింది. మత్లూబ్: కోడలు పోవద్దు. సుబూత్: అని రాసి, కింద మూరెడు జాగ ఖాళీగ ఇడిచిపెట్టి, పొయ్యి కాడికి పోయిన. అత్తమ్మ లేచొచ్చి చూసింది. తుడవమనలే. ఆ రోజంత దాన్ని తొక్కకుండ గోడ పొంటి తిరిగింది. పగటి బువ్వ నాలుగు మెతుకులు తిని లేచింది. నేను గూడ సరిగ తినలే. ఒక దిక్కు భయం, పెద్దమనిషిని ఇట్ల చేస్తినేంది అని. ఇంకో దిక్కు రేపటితోని అంత అయిపోతదని దిగులు. మాపటీలి దీపం పెట్టే ముందట వచ్చి చూస్తె, ఆమె పీట ఏసుకొని ఆ రాతల ముందట కూసొని ఉన్నది. సుబూత్ కింద ఖాళీ జాగ ఖాళీగనే ఉన్నది. పైన మాలూం కాడ మాత్రం, నా రాతకింద, ఆమె గుండ్రటి అక్షరాలతోని ఒక్క వరుస కొత్తగున్నది: అత్తకు ఇంట్ల ఒక్కతే ఉండాలంటె భయం.

ముప్పయేండ్లు బడి నిండ పిల్లల నడుమ బతికిన మనిషి. రిటైరయిన తెల్లారే నేను ఇంటికొచ్చిన. అంటె ఆమె ఒక్క పగలన్నా ఒక్కతే ఉన్నది లేదు. ఇంటర్ల గూడ నేను పగటీలికి వచ్చేదాన్ని గద. లోకాన్ని అదిలించే ఆ గొంతు వెనుక ఇంత భయమున్నదని ఎవలకు తెలుసు? నేను కింద కూసొని ఆమె చెయ్యి పట్టుకున్న. నా కోపమంత ఎటు పోయిందో. "నేను పోను అత్తమ్మా. నిజంగ చెప్తున్న. మీ కాడనే ఉంట, నాకేం బాధ లేదు" అన్న. మనస్ఫూర్తిగనే అన్న. అంటుంటె చూపు మాత్రం 'సీటు వచ్చింది' అన్న వరుస మీదికే పోయింది, అది వేరే సంగతి.

ఆమె చెయ్యి ఇడిపించుకున్నది. బడిల పిల్లలను చూసినట్టు చూసింది నన్ను. "ఇన్నొద్దులు నేర్పింది ఇదేనా? నా భయం నాది. దాన్ని నీ మాలూంల రాసుకోకు" అన్నది. అక్షరాలను కాలితోని తుడవొద్దంటరు గనుక, మోకాళ్లు పట్టేసినా వంగి, కొంగుతోని తను రాసిన ఆ వరుసను తుడిచింది. తర్వాత మత్లూబును, సుబూతును తుడిచింది. 'కోడలికి సీటు వచ్చింది' అన్న వరుస ఒక్కటే మిగిలింది. "పొద్దుగాల జొన్నరొట్టెలు నేను చేస్త. రైలు తప్పిందంటె నేనూరుకోను" అని పీట ఎత్తుకొని పోయింది.

సోమవారం పోయిన, చేరిన. ఆ ట్రైనింగ్ అయ్యేదాక ఏ మాపటికి ఇంటికొచ్చినా వీధి తలుపు బార్లా తెరిచి ఉండేది. ఆమె కుర్చీ గడప కాడ ఉండేది, రేడియో పక్కింటోళ్లు తిట్టుకునేంత గట్టిగ మోగేది. నన్ను చూడంగనే రేడియో బందు జేసి, "రైలు టైముకే వచ్చిందా?" అని అడిగేది, ఏం కానట్టు. భయమైతుందా అని నేను ఎన్నడూ అడగలే. ఆమె ఎన్నడూ చెప్పలే. తర్వాత నేను పంతులమ్మనై, ఎన్నో బడులు తిరిగి, వంకర పటాలు ఎన్నో గీసి, నాకు గూడ సాఫ్ గీత రాదని పేరు తెచ్చుకొని రిటైరయిన. ఆమె పోయి చానేండ్లయింది. పోయేదాక ఆమె ధైర్యం గల మనిషనే ఊరంత అనుకున్నరు, నేను గూడ ఎవలతోని ఏం అనలే.

ఇప్పుడు మా ఆయన ఏదన్న పని మీద ఊరికి పోయి ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న పగలు, గడియారం సప్పుడు వినవడుతది, గోడలు జర దగ్గరికొచ్చినట్టయితది. ఆ మాపటీలి 'నా భయం నాది' అని ఆమె అన్నది నాకు అప్పుడు ఒట్టి కోపం లెక్క వినవడ్డది. అది తను రోజూ పగలంత ఒక్కతే భయపడుడును ఒప్పుకొని నాకిచ్చిన చదువని తెల్వనీకి, నేను ఆమె వయసుకు రావలసి వచ్చింది. ఇరవై ఏండ్ల పిల్లకు ఒక్క నిమిషంల చెప్పిన ఆ మాటకు సుబూత్ రాయనీకి, కాలానికి నలబై ఏండ్లు పట్టింది.